తండా మనిషి, బట్టీ కూలీ, సర్కారు కౌంటరు: భిన్న సంస్కృతుల మధ్య పనిచేసే నేర్పు అంటే ఏమిటి?

నల్లగొండ జిల్లా దేవరకొండ, చందంపేట వైపు తండాల్లో పెద్దవాళ్లు ఇంట్లో ఇప్పటికీ లంబాడాల భాష గోర్ బోలే మాట్లాడతారు. మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీల్లో చాలామంది బిహార్ నుంచి వచ్చినవాళ్లు. నారాయణపేట జిల్లాలో కర్ణాటక సరిహద్దున ఉన్న కృష్ణా మండలంలో కన్నడ ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు ఎన్నో. మన్ననూరు దాటి నల్లమల అడవిలోకి పోతే పెంటలు, అంటే చెంచుల చిన్న ఆవాసాలు. చలికాలం మొదలవగానే ఇటుక బట్టీల్లోకి ఒడిశా కుటుంబాలు దిగుతాయి. పట్నాల్లో ఉర్దూ ఎప్పటినుంచో ఉన్నదే. ఇంతమందికీ ఉన్నది అవే దవాఖానలు, అవే అంగన్‌వాడీలు, అదే తహసీల్దార్ ఆఫీసు, సోమవారం కలెక్టరేట్‌లో అదే ప్రజావాణి.

ఈ చోట్ల పనిచేసే ఉద్యోగులకు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలకు ‘సాంస్కృతిక సామర్థ్యం’ ఉండాలని ఈమధ్య తరచూ వింటున్నాం. కొందరికి అది మర్యాదగా మాట్లాడటం. కొందరికి తలా ఒక రూలు పెట్టడం. ఇంకొందరికి ఒకరోజు శిక్షణ, ఒక సర్టిఫికెట్. నిజానికి ఆ మాట వెనక మూడు వేర్వేరు ఆలోచనలు ఉన్నాయి. వాటిని కలిపేయడం వల్లే గందరగోళం.

మూడు ఆలోచనలు, ఒక ఉదాహరణ

మొదటిది సాంస్కృతిక సామర్థ్యం. 1989లో అమెరికాలో టెర్రీ క్రాస్, ఆయన సహచరులు మైనారిటీ పిల్లల మానసిక ఆరోగ్య సేవల గురించి రాస్తూ దీన్ని నిర్వచించారు. ఆ నిర్వచనంలో ఉద్యోగి ప్రవర్తన, వైఖరితో పాటు సంస్థ విధానాలు కూడా ఉన్నాయి. తర్వాతి కాలంలో శిక్షణలన్నీ ఉద్యోగి మీదే పడి, విధానాల సంగతి వెనకబడింది.

రెండోది సాంస్కృతిక వినయం. 1998లో అమెరికాలోనే మెలనీ టెర్వలన్, జాన్ మరే-గార్సియా అనే ఇద్దరు వైద్యులు దీన్ని ముందుకు తెచ్చారు. ఇంకొకరి సంస్కృతిని ‘పూర్తిగా నేర్చేసుకున్నాను’ అనగలిగే రోజు రాదు, కాబట్టి తన ఊహలను తాను అనుమానిస్తూ అడుగుతూనే ఉండాలన్నది వాళ్ల వాదన. మూడోది సాంస్కృతిక భద్రత. న్యూజిలాండ్‌లో మావోరీ మూలవాసి నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్ ఈ ఆలోచనకు రూపమిచ్చారు. 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దీన్ని నర్సుల చదువులో చేర్చింది. సేవ బాగుందా లేదా అన్నది అందుకున్న మనిషే చెప్పాలన్నది ఇందులోని కొత్త మాట.

షుగర్ ఉన్న ఒక ముస్లిం పెద్దాయన రంజాన్‌కు నెల ముందు దవాఖానకు వచ్చాడనుకుందాం. ఉపవాసంలో కొన్ని మాత్రలు, ఇన్సులిన్ వల్ల షుగర్ ఒక్కసారిగా పడిపోతుందని తెలిసి, మందు వేళలు, మోతాదు ముందే మార్చాలని డాక్టర్‌కు తట్టడం సామర్థ్యం. ముస్లిం కాబట్టి ఉపవాసం ఉంటాడని తీర్మానించకుండా ‘ఈసారి రోజా ఉంటున్నారా?’ అని అడగడం వినయం. ‘ఉంటాను’ అంటే డాక్టరు తిడతాడన్న భయం లేకుండా ఆయన నిజం చెప్పగలగడం భద్రత. మొదటి రెండూ డాక్టర్ చేతిలో ఉన్నాయి. మూడోది జరిగిందో లేదో డాక్టర్‌కు తనంతట తెలియదు, ఆ పెద్దాయన్నే అడగాల్సిందే.

ఎవరి ఆచారం ఏదన్న జాబితా బట్టీ పట్టడం ఎందుకు సరిపోదో ఇక్కడి జాతరలే చెబుతాయి. సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు లంబాడాలు, ఇతర హిందువులు వేలల్లో వెళ్తారు. పీర్ల పండుగలో ముస్లిమేతరులు పీరు ఎత్తే ఊళ్లు ఎన్నో. ‘ఫలానా వాళ్లు ఇలా ఉంటారు’ అని అచ్చువేసిన శిక్షణ పుస్తకం ఇక్కడ మొదటి రోజే తప్పుతుంది.

‘నువ్వు’ తప్పా?

పాలమూరు పల్లెల్లో పెద్దవాళ్లను కూడా ‘నువ్వు’ అనడం మామూలే. అందులో అగౌరవం ఉండదు. కాబట్టి ‘అందరినీ మీరు అనండి’ అని ఒక సర్క్యులర్ వేస్తే పని అయిపోదు. చూడాల్సింది తేడాను. ఇస్త్రీ చొక్కా మనిషికి ‘కూర్చోండి సార్’, తర్వాత వచ్చిన తండా ముసలమ్మకు ‘ఏయ్, అక్కడ నిలబడు’. ఒకే కౌంటరు, ఒకే గుమస్తా, ఐదు నిమిషాల వ్యవధి. వరుసలో ఉన్నవాళ్లందరికీ ఆ తేడా అర్థమవుతుంది. అవసరం లేని చోట ‘మీరేంట్లు?’ అని కులం అడగడం కూడా ఇలాంటిదే. కుల ధ్రువీకరణ పత్రం కోసం అడిగితే అది పని. ఓపీ చిట్టీ రాస్తూ అడిగితే కారణం లేదు.

మర్యాద ముఖ్యమే. కానీ అక్కడే ఆగిపోతే లాభం తక్కువ. ఎంత ప్రేమగా మాట్లాడినా మందు ఎప్పుడు వేసుకోవాలో అర్థం కాకపోతే ఆ ముసలమ్మ ఇంటికి పోయి రెండు మాత్రలూ ఒకేసారి మింగుతుంది.

దుబాసీ: అందరూ తేలిగ్గా తీసుకునే పని

భాష తెలియని చోట ఒకరి మాటను ఇంకొకరి భాషలో చెప్పే దుబాసీ కావాలి. మన ఆఫీసుల్లో జరిగేది మాత్రం ఒకటే. చుట్టూ చూసి ‘ఎవరికైనా వీళ్ల భాష వచ్చా?’ అని కేకేయడం. దొరికినవాళ్లతో పని కానిచ్చేయడం. దొరికేవాళ్లు సాధారణంగా నలుగురిలో ఒకరు: వెంట వచ్చిన బడిపిల్ల, భర్త, పక్కన కూర్చున్న రోగి, లేదంటే ముఠా మేస్త్రీ. నలుగురితోనూ చిక్కులున్నాయి.

పదేళ్ల పిల్లకు తల్లి గర్భసంచి సమస్య గురించి చెప్పడానికి మాటలుండవు, సిగ్గుతో సగం మింగేస్తుంది. భర్త దుబాసీ అయితే ఇంట్లో కొడుతున్నాడన్న సంగతి బయటకు రాదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు ఆమె ఒప్పుకుందా, ఆయన ఒప్పుకున్నాడా అన్నదీ తెలియదు. ఆ సమ్మతి పత్రంలోని విషయం ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పాలని నిబంధన ఉంది. కింద వేలిముద్ర ఉన్నంత మాత్రాన ఆ నిబంధన నెరవేరినట్టు కాదు. పక్క రోగి ద్వారా చెప్పించిన మాట సాయంత్రానికి తండా అంతా తెలుస్తుంది. మేస్త్రీ సంగతి ఇంకా గట్టిది. కూలీకి అడ్వాన్సు ఇచ్చి తెచ్చినవాడు అతనే. దెబ్బ ఎలా తగిలిందని డాక్టర్ అడిగితే, ‘పనిలో’ అన్న మాట అతని నోట తెలుగులోకి రాకపోవచ్చు. భూమి తగాదాలో తండా నాయక్‌ను దుబాసీగా పెట్టుకున్నా ఇదే ప్రమాదం. ఆయనకు ఒక పక్షంతో చుట్టరికం ఉండవచ్చు.

సరైన మనిషి దొరికాక కూడా పద్ధతి ఉంది. మొదట రెండు నిమిషాలు దుబాసీతో విడిగా: ఏ విషయం మాట్లాడబోతున్నాం, కలపకుండా తీసేయకుండా చెప్పాలి, విన్నది బయట అనకూడదు. కూర్చునేటప్పుడు దుబాసీని రోగికి కొంచెం వెనకగా, పక్కన కూర్చోబెట్టాలి, అప్పుడు డాక్టర్ కళ్లు రోగి మీదే ఉంటాయి. ‘ఎప్పటినుంచి నొప్పి ఉందో అడుగు’ అని దుబాసీతో కాకుండా ‘అవ్వా, ఎప్పటినుంచి నొస్తున్నది?’ అని ఆమెతోనే అనాలి. ఒక వాక్యం, ఒక విరామం. మూడు ప్రశ్నలు కలిపి అడిగితే మూడోదానికే జవాబు వస్తుంది. రోగి నిమిషం మాట్లాడాక దుబాసీ ‘ఏం లేదంట సార్’ అని తేల్చేస్తే, ఆమె అన్నదంతా చెప్పమని ఆపి అడగాలి.

చివరి మెట్టు ఎక్కువమంది వదిలేసేది. ‘అర్థమైందా?’ అని అడిగితే ఎవరైనా తలూపుతారు. దాని బదులు మాత్రల స్ట్రిప్ ఆమె చేతిలో పెట్టి, ‘పొద్దున ఏది వేసుకుంటవు, రాత్రి ఏది వేసుకుంటవు, నాకు చూపించు’ అనాలి. తప్పు చూపిస్తే అది చెప్పినవాళ్ల లోపం. మళ్లీ చెప్పాలి.

‘అంత టైమ్ ఎక్కడిది?’ – ఒక చిన్న లెక్క

ఇది సాకు కాదు, నిజమైన ఇబ్బంది. ఒక ఆరోగ్య కేంద్రంలో ఒక్క డాక్టర్, ఐదు గంటల ఓపీ, 80 మంది రోగులు అనుకుందాం. అంటే 300 నిమిషాలు, మనిషికి 3 నిమిషాల 45 సెకన్లు. ఆ 80 మందిలో 10 మందికి దుబాసీ కావాలి, ఒక్కొక్కరికి 8 నిమిషాలు పడుతుందనుకుంటే 80 నిమిషాలు పోతాయి. మిగిలిన 70 మందికి 220 నిమిషాలు, అంటే మనిషికి సుమారు 3 నిమిషాల 9 సెకన్లు. మిగతావాళ్ల నుంచి తలా అర నిమిషం పైచిలుకు తీసుకున్నట్టు. అది చిన్న విషయం కాదు, అలాగని అసాధ్యమూ కాదు. మందు తప్పుగా వాడి అదే మనిషి వారంలో మళ్లీ వస్తే పోయే సమయాన్ని ఈ లెక్కలో కలపనేలేదు.

ఇలాంటి రోగులు వారమంతా చెదిరి వస్తే దుబాసీని రోజూ కూర్చోబెట్టలేం. కానీ తండా ఆడవాళ్లు ఎలాగూ పట్నం వచ్చే రోజు ఒకటుంది. అంగడి రోజు. గోర్ బోలి వచ్చిన ఆశా కార్యకర్తను ఆ ఒక్క పూట ఓపీ దగ్గర ఉంచి, ఆ సంగతి తండాల్లో చెప్పిస్తే చాలావరకు పని ఒక చోటికి వస్తుంది. అయితే ఏ భాషవాళ్లు ఎందరు వస్తున్నారో ముందు తెలియాలి. చాలా ఆఫీసుల రికార్డుల్లో ఆ సంగతే ఉండదు. ఓపీ రిజిస్టర్‌లో ‘ఇంట్లో ఏ భాష’ అని ఒక గడి గీసి నెల రోజులు నింపితే అంచనా పోయి అంకె వస్తుంది.

బట్టీ బిడ్డ టీకాలు: క్యాలెండర్‌తో పరుగు

ఒడిశా కుటుంబాలు చలికాలంలో వచ్చి, వానలు పడే ముందు జూన్‌లో తిరిగి పోతాయి. కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని. భార్యాభర్తలిద్దరూ కలిసి చేస్తేనే లెక్క తేలుతుంది. మట్టి పని తెల్లవారుజామున మొదలై, ఎండ ముదిరాక ఆగుతుంది. ఉదయం పదింటికి ‘దవాఖానకు రా’ అంటే ఆ పూట ఇటుకలు పోయినట్టే. ఆమె రాకపోతే రిజిస్టర్‌లో ‘నిరాకరించారు’ అని రాస్తారు.

ఫిబ్రవరి 10న బట్టీలో బిడ్డ పుట్టిందనుకుందాం. ఐదు జబ్బుల నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలకు వేయాలి. అంటే మార్చి 24, ఏప్రిల్ 21, మే 19. మూడూ ఇక్కడే పూర్తి చేయవచ్చు. మొదటి డోసు ఒక్క నెల ఆలస్యమైతే, డోసుల మధ్య కనీసం 4 వారాలు ఉండాలి కాబట్టి మూడోది జూన్ మూడో వారంలో పడుతుంది. అప్పటికి వాళ్లు ఒడిశాలోని బలాంగీర్ చేరి ఉంటారు. తొమ్మిది నెలలకు వేసే మీజిల్స్-రుబెల్లా నవంబర్ 10కి వస్తుంది. అది మళ్లీ రైలెక్కే రోజులు.

ఇక్కడ టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంకు కావాల్సిన నేర్పు చాలా మామూలు విషయాల్లో ఉంది. పని ఆగిన మధ్యాహ్నం బట్టీకి పోవడం. తల్లీబిడ్డల కార్డు మీద తేదీలు అంకెల్లో, టీకా పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడం, ఎందుకంటే తెలుగు రాతను ఒడిశా ఏఎన్‌ఎంలు చదవలేరు. టీకాల వివరాలు ఎక్కించే యూ-విన్ పోర్టల్‌లో నమోదు చేసేటప్పుడు మేస్త్రీ ఫోన్ నంబర్ ఇవ్వకుండా తల్లిదండ్రుల నంబరే అడగడం. మేస్త్రీ నంబర్ ఉంటే, వచ్చే ఏడు వాళ్లు వేరే మేస్త్రీ కింద వేరే జిల్లాకు పోయినప్పుడు గుర్తుచేసే మెసేజ్ ఎవరికో పోతుంది. హిందీ వస్తే సరిపోతుందనీ అనుకోకూడదు. పశ్చిమ ఒడిశా పల్లెల్లో మాట్లాడేది సంబల్‌పురి. మగవాళ్లకు కొంత హిందీ వచ్చినా ఆడవాళ్లలో చాలామందికి రాదు.

‘వాళ్ల ఆచారం అంతే’ అనే ముందు

చెంచు పెంటలో ఒకామె ఇంట్లోనే కాన్పు అయింది. రిపోర్టులో కారణం: ‘సాంప్రదాయ నమ్మకాలు’. ఈ రెండు మాటలు రాసేస్తే ఫైలు మూసేయవచ్చు. కానీ అడగాల్సిన ప్రశ్నలు వరుసగా ఉన్నాయి. నొప్పులు మొదలైనప్పుడు ఫోన్ సిగ్నల్ ఉందా? 108 బండి పెంట దాకా వస్తుందా, ఎంత దూరం నడవాలి? రాత్రి అటవీ చెక్‌పోస్టు గేటు ఎవరు తీస్తారు? మిగతా పిల్లలను ఎవరు చూస్తారు? వెంట వచ్చినవాళ్లకు తిండి, పడక ఉన్నాయా? కిందటిసారి లేబర్ రూములో ఆమెను ఎవరైనా తిట్టారా? వీటన్నింటికీ జవాబు సరిగ్గా ఉండి కూడా ఆమె ఇంట్లోనే కాన్పు కోరుకుంటే అప్పుడు అది నమ్మకం. అక్కడ కూడా మాట్లాడటానికి చోటుంది. పక్కన తల్లి ఉండాలనా, మగ డాక్టర్ వద్దనా? రెండూ దవాఖాన తీర్చగలిగినవే.

సాంస్కృతిక శిక్షణల మీద వచ్చే గట్టి విమర్శ ఇక్కడే ఉంది: రోడ్డు లేకపోవడాన్ని, పేదరికాన్ని, కులాన్ని ‘సంస్కృతి’ అనే మెత్తని మాట కింద దాచేస్తారని. ఆ విమర్శ న్యాయమైనదే. దేవరకొండ ప్రాంతంలో ఆడశిశువుల అమ్మకాల వార్తలు ఒకప్పుడు దేశమంతా వచ్చాయి. ఆ వార్తల వెనక కట్నం, కరువు, దళారులు ఉన్నారు. జనం మనసులో మిగిలింది మాత్రం లంబాడాలన్న ఒక్క పేరు. మూడో ఆడబిడ్డను కన్న లంబాడా తల్లిని లేబర్ రూములోనే అనుమానంగా చూస్తే ఆమె తర్వాతి చెకప్‌కు రావడానికి వెనకాడుతుంది.

కాగితాల్లో సంస్కృతి

రెవెన్యూ, రేషన్ పనుల్లో భేదం మాటల్లో కంటే కాగితాల్లో ఎక్కువ తగులుతుంది. తెలుగువాళ్లకు ఇంటి పేరు ముందు, బిహార్ వాళ్లకు చివర. చాలామంది ముస్లిం కుటుంబాల్లో మనం అనుకునే అర్థంలో ఇంటి పేరే ఉండదు. ఫారంలో ‘ఇంటి పేరు’ గడి తప్పనిసరి అయితే ఆపరేటర్ ఏదో ఒకటి నింపుతాడు, ఆ మాటే రేపు ఆధార్‌తో సరిపోదు. నేనావత్, కేతావత్ లాంటి పేర్ల చివరి ‘త్’ను ఇంగ్లిష్‌లో ఒకచోట ఒక అక్షరంతో, ఒకచోట రెండక్షరాలతో రాస్తారు. పట్టాదారు పాస్‌బుక్‌లో ఒకలా, బ్యాంకులో ఇంకోలా పడితే డబ్బు ఆగుతుంది. చేయాల్సింది తేలిక: టైపు చేసే ముందు ఆధార్ చూసి అక్షరం అక్షరం కొట్టడం, ప్రింటు తీసే ముందు చదువుకున్న పిల్లలెవరైనా ఉంటే తెర చూపించడం.

లంబాడాలు తెలంగాణలో ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతుల జాబితాలో ఉన్నారు. రాజ్యాంగం ప్రకారం ఈ జాబితాలు రాష్ట్రాలవారీగా ఉంటాయి. పుణెకు వలస పోయిన పాలమూరు కుటుంబానికి అక్కడ పుట్టిన బిడ్డ తిరిగి వచ్చి సర్టిఫికెట్ అడిగితే, ‘నువ్వు పుట్టింది మహారాష్ట్రలో’ అని పంపేయడం తప్పు. చూడాల్సింది తండ్రి కుటుంబం స్థిరనివాసం ఏ రాష్ట్రమన్నది. రేషన్‌లోనూ అంతే: ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ కింద బిహార్ కార్డున్న హమాలీ మిర్యాలగూడ రేషన్ షాపులో తన కేంద్ర కోటా తీసుకోవచ్చు. తెలంగాణ తన కార్డులకు కలిపి ఇచ్చేది అతనికి రాదు. ఈ రెండో ముక్క అతని భాషలో ముందే చెప్పకపోతే డీలర్ కాజేశాడనుకుంటాడు.

ఉర్దూ 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష. అర్జీ ఉర్దూలో ఇవ్వవచ్చు. అయినా ఇక్కడి ఉర్దూ యాస అయిన దక్కనీ మాట్లాడే అందరూ ఉర్దూ లిపి చదవలేరు. బోర్డు రాసిపెట్టి ఊరుకుంటే అది కొందరికే, నోటితో చెప్పే మనిషి కూడా కావాలి.

ఎదురు వాదనల్లో నిజమెంత?

‘అందరికీ ఒకే వరుస, ఒకే రూలు’ అన్న వాదనకు బలముంది. ఒకరికి మినహాయింపు ఇస్తే రేపు పలుకుబడి ఉన్నవాడూ అడుగుతాడు. అందుకే అర్హత రూలును మార్చకూడదు. మార్చాల్సింది దాని దాకా చేరే దారిని: వేళ, భాష, ఫారం. ‘తెలంగాణలో ఉంటూ తెలుగు నేర్చుకోవాలి కదా’ అన్నది రెండోది. తండా పిల్లలు గురుకులాల్లో చదివి తెలుగు, ఇంగ్లిష్ రెండూ మాట్లాడుతున్నారు, ఒక తరంలో అవసరం తగ్గవచ్చు. ఈరోజు బీపీ మందు కావాల్సింది మాత్రం వాళ్ల నాయనమ్మకు.

మూడోది: ఆయా సమాజం నుంచే ఉద్యోగిని పెడితే చాలు కదా? చాలావరకు మేలే. గిరిజన ప్రాంతాల్లో ఆవాసానికో ఆశా కార్యకర్తను పెట్టుకునే వెసులుబాటు జాతీయ నిబంధనల్లోనే ఉంది. కానీ లంబాడా నర్సు ఉన్న వార్డులో లంబాడా రోగులందరినీ ఆమె మీదకే తోస్తారు. ఆమె సొంత పని వెనకబడుతుంది, మాట ఆమెకే పడుతుంది. పైగా సొంత తండా మనిషి ముందు నోరు విప్పని విషయాలుంటాయి. హెచ్‌ఐవీ పరీక్ష, పెళ్లికి ముందు గర్భం లాంటివి. అలాంటప్పుడు వేరే తండా దుబాసీ కావాలా అని రోగినే అడగాలి.

శిక్షణ ఏం చేయగలదు?

ఇలాంటి శిక్షణల మీద ఇతర దేశాల్లో జరిగిన పరిశోధనల సారం ఒకే దిక్కు చూపిస్తుంది: ఉద్యోగుల అవగాహన, వైఖరి మెరుగుపడుతున్నాయి, సేవ అందుకునేవాళ్ల ఆరోగ్యం దానివల్లే మెరుగుపడిందనడానికి ఆధారాలు మాత్రం బలహీనంగా ఉన్నాయి. అంటే శిక్షణ అనవసరమని కాదు, దాని తర్వాత ఆఫీసులో ఏదీ మారకపోతే ఫలితం ఉద్యోగి దగ్గరే ఆగిపోతుంది. మారాల్సినవి రిజిస్టర్‌లో భాష గడి, అంగడి రోజు దుబాసీ, బట్టీకి మధ్యాహ్నం వెళ్లే షెడ్యూలు.

ఇదంతా సులువుగా చెదిరిపోయేది బదిలీల సమయంలో. ఏ తండాలో ఎవరు నమ్మకమైన దుబాసీ, ఏ బట్టీలో ఎప్పుడు పని ఆగుతుంది, ఏ పెంటకు సిగ్నల్ లేదు – ఇవన్నీ పాత ఏఎన్‌ఎం తలలో, ఆమె ఫోన్‌లో ఉంటాయి. ఆమె పోయాక కొత్తామె మొదటినుంచి మొదలుపెడుతుంది. చార్జి అప్పగించేటప్పుడు స్టాకు, రిజిస్టర్లతో పాటు ఈ వివరాలు ఒక పేజీ రాసి, ఆ దుబాసీలకు కొత్తామెను పరిచయం చేస్తే ఏడాది కలిసొస్తుంది. దుబాసీకి ఇచ్చే డబ్బు సంగతి ఇంకా తేలనిది. ఇప్పుడు ఆ పని ఎక్కువగా ఆశా కార్యకర్తలో, ఆయానో ఊరికే చేస్తున్నారు. డబ్బు ఇవ్వాలంటే బిల్లుకు ఒక పద్దు కావాలి. అది లేనంతవరకు, ఆ ఆశా కార్యకర్తో, ఆయానో తన పని వదిలి వచ్చిన రోజునే దుబాసీ దొరుకుతుంది.